ఫ్యాన్ కింద పని

మా బస్సు డిపో ముందున్న చాయ్ హోటల్లో నేను చెప్పిన కథలన్నీ నిజమైతే, పట్నంలో ఇప్పటికి ఒక్క బంగళా కూడా పాత చోట ఉండకూడదు. ఇళ్ల సామాన్లు ప్యాక్ చేసి ఊళ్లు దాటించే కంపెనీలో ఇరవై ఏళ్లుగా మేస్త్రీని. పదిహేను రోజులకోసారి సొంతూరు నారాయణఖేడ్ వస్తాను. నన్ను చూడగానే బెంచీ మీద నలుగురు జరిగి చోటిస్తారు. బీరువాలో నిద్రపోతున్న పిల్లిని చూసుకోకుండా చుట్టేశామని, అది బెంగళూరులో కళ్లు తెరిచి, ఊరు నచ్చక మా లారీలోనే తిరిగొచ్చిందని ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పేసరికి ఆ పిల్లి కన్నడ కూడా నేర్చుకుంది.

నవ్వేవాళ్లలో ఒకాయన నా చాయ్ పైసలు ఎప్పుడూ తనే ఇచ్చేవాడు. మనూర్ దారిలో రేకుల షెడ్డు వేసి చెక్క పెట్టెలు కొట్టించేవాడు. ఆయన్ని మా కంపెనీ యజమాని సేఠ్‌కు పరిచయం చేసింది నేనే. ఐదేళ్లుగా అద్దాలకూ టీవీలకూ మా కంపెనీ వాడే పెట్టెలు ఆ షెడ్డు నుంచే టెంపోలో పట్నం వచ్చేవి.

"కాకా, గా ఫ్యాన్ ముచ్చట చెప్పు" అని ఆయనే అడిగేవాడు.

మా గోదాములో ఆడవాళ్లు గాజు సామాన్లు చుడతారు. అది నిజం. అక్కడొక ఫ్యాన్ ఉంది. అదీ నిజమే. మనిషికో ఫ్యాన్, పదకొండింటికి చాయ్ బిస్కెట్, మధ్యాహ్నం కునుకు, ఇవన్నీ నావి.

ఒక వానాకాలం రోజు నాగల్‌గిద్ద వైపు పల్లెకు చెందిన భార్యాభర్తలు ఆటో కోసం నిలబడి నా కథ విన్నారు. ఆమె ముందుకొచ్చి అడిగింది.

"ఆడోళ్లకు గూడ పనిస్తరా కాకా?"

"ఆడోళ్లు లేకుంటె మా కంపెనీయే నడవదమ్మా. కూసొని చేసే పని. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతనే ఉంటది."

"కరెంటు పోతెనో?"

"పక్కోళ్ల ఫ్యాన్ తిరుగుతది!"

హోటలంతా నవ్వింది. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. షెడ్డాయన మాత్రం నవ్వలేదు. వాళ్లది ఏ ఊరని అడిగాడు. అది నాకు గుర్తొచ్చింది చాలా రోజుల తర్వాత.

చలికాలంలో నేను ఇంటి దగ్గరుండగా సేఠ్ ఫోన్ చేశాడు. ఎవరిదో నిలువెత్తు అద్దం పోవాలి, దాని పెట్టె కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రమ్మన్నాడు. మనూర్‌లో మా అక్క ఇంటికి వెళ్తూ ఆ రేకుల గోడను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లోపలికి వెళ్లడం అదే మొదలు. పట్నం గోదాములో, మేకు తేలి ఎవరి చెయ్యైనా గీసుకుంటుందేమోనని ప్రతి పెట్టె లోపలా అరచేత్తో తడిమి చూసేవాణ్ని. ఆ మేకు కొట్టిన చెయ్యి ఎవరిదని ఈ ఐదేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

కావలివాడు గేటుకు బయటనుంచి వేసిన తాళం తీశాడు. నేను లోపలికి అడుగుపెట్టగానే వెనక మళ్లీ తాళం పడిన చప్పుడైంది. షెడ్డాయన లేడు. పాత పలకల కుప్పల మధ్య కూర్చుని కొందరు మేకులు పీకుతున్నారు. వాళ్లలో ఒకామె తలెత్తింది. కుడి అరచేతికి నీలం రంగు అంటిన గుడ్డ చుట్టి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"కాకా, ఫ్యాన్ ఏది?"

ఎందుకో నేను నిజంగానే పైకి చూశాను. రేకులు తప్ప ఏమీ లేవు.

"మీ ఆయన ఏడి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"లోడు దింపనీకి వోయిండు. ఆయన వోతె నేనుండాలె, నేను వోతె ఆయనుండాలె. ఇద్దర్ని ఒక్కపారి గేటు దాటనియ్యరు."

"పట్నం తోల్కపోలేదా మిమ్మల్ని?"

"షెడ్డాయన మా ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చిండు. ఈడ పని నేర్చుకుంటె తోల్కపోత అన్నడు. ఆధార్ కార్డులు, ఫోన్లు భద్రంగ పెడ్త అని తీస్కున్నడు. ఇప్పుడడిగితె అడ్వాన్సు తీరలె అంటడు. బిడ్డ మా అక్క కాడుంది, ఫ్యాన్ తెస్త అని చెప్పొచ్చిన. దాని గొంతు ఇని ఐదు నెలలాయె. ఊళ్లె అందరు మేం పట్నంల ఉన్నమనే అనుకుంటుండ్రు."

అక్కణ్నుంచి ఆమె ఊరు ఆటోలో గంట ప్రయాణం.

"పరేషాన్ గాకమ్మా, నేను..." అని మొదలుపెట్టాను.

"చెప్పకు కాకా. ఇంకో ముచ్చట చెప్పకు."

నా జేబులో కంపెనీ లిస్టు కాగితం ఉంది. ఇల్లు ఖాళీ చేయించే ముందు ప్రతి సామానూ ఎలా ఉందో దాని మీద రాస్తాం. కుర్చీ: ఒక కాలు వదులు. అద్దం: మూల చిట్లింది. కింద సంతకం. నోటితో ఎన్ని ఏనుగులనైనా ఎగరేశాను గానీ ఆ కాగితం మీద ఇరవై ఏళ్లలో లేని గీత ఒక్కటీ రాయలేదు. అక్కడే పలక మీద పెట్టుకుని రాశాను. గేటు: తాళం బయట. కిటికీ: లేదు. మనుషులు: బయటికి పోయినవాళ్లతో కలిపి పదకొండు మంది. కార్డులు, ఫోన్లు: ఒక్కరి దగ్గరా లేవు. ఒక స్త్రీ కుడి అరచెయ్యి: మేకు గాయం, చీము.

"ఏం రాస్తున్నవ్?" గేటు సందులోంచి అడిగాడు కావలివాడు.

"పెట్టె కొలతలు."

ఆ రోజు నేనాడిన అబద్ధం అదొక్కటే.

బయటికొచ్చి ఫోన్ చేస్తే సేఠ్ నవ్వాడు. "ఏంది, మల్ల పిల్లి ముచ్చటనా?" నేను వాదించలేదు. కాగితం ఫోటో తీసి పంపాను. కాసేపటికి ఆయనే చేశాడు.

"గిది లిస్టు కాయితం మీద రాసినవా?"

"రాసిన సేఠ్. సంతకం గూడ పెట్టిన."

"అది వాని షెడ్డు. మనకేం సంబంధం?" అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

"పెట్టెల మీద మన కంపెనీ పేరే ఉంది సేఠ్. గా పేరు కొట్టే నీలం రంగే ఆమె గుడ్డకు గూడ అంటింది."

"నువ్వు జల్దీ ఆర్డీఓ ఆఫీసుకు వో. నేను బయలెల్లుతున్న."

మర్నాడు పొద్దున అధికారులు, పోలీసులు వెళ్లి తాళం తీయించారు. పదకొండు కార్డులూ, ఫోన్లూ షెడ్డాయన బండి డిక్కీలో దొరికాయి. అందరినీ ముందు దవాఖానకు, తర్వాత ఆఫీసుకు తీసుకొచ్చారు. అటెండరు జాలిపడి ఫ్యాన్ వేశాడు. ఆమె తలెత్తి చూసి, స్టూలు గోడ వారకు జరుపుకుంది. "బ్యాడ" అంది భర్తతో, వద్దని కన్నడ కలిసిన వాళ్ల సరిహద్దు మాటలో. అతనూ జరిగాడు.

నా వంతు వచ్చింది. వీళ్లకు పని సంగతి మొదట చెప్పిందెవరని అడిగారు. నేనే అన్నాను. ఏమని చెప్పావన్నారు. మొత్తం చెప్పాల్సి వచ్చింది. మనిషికో ఫ్యాన్. చాయ్ బిస్కెట్. పక్కోళ్ల ఫ్యాన్ తిరుగుతది. గుమాస్తా ఒక్కో మాటా రాసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. దాని కింద సంతకం పెట్టాను.

ఇప్పుడు మాకు పెట్టెలు, అట్టలు, దుప్పట్లు అమ్మే ప్రతి చోటికీ చెప్పకుండా వెళ్తాను. ఆ పని నాకే ఇమ్మని సేఠ్‌ను అడిగి తీసుకున్నాను. ముందు తాళం ఏ వైపుందో చూస్తాను. తర్వాత ఒక్కొక్కరినీ కార్డు చూపించమంటాను. ఎవరి జేబులోంచి వాళ్లు తీస్తే సరే. వేరే ఎవరినో అడిగి తేవాల్సి వస్తే ఆ సరుకు మా గోదాములో దిగదు. డిపో ముందు పిల్లి కథ ఇంకా చెబుతాను. ఫ్యాన్ కథ అడిగితే గేటు దగ్గర మొదలుపెడతాను. దానికి అంతగా జనం కూర్చోరు.

ఆఫీసులో సంతకం పెట్టిన ఆ సాయంత్రం ఆటో అడ్డా దాకా ఆ భార్యాభర్తలతో వెళ్లాను. తిరిగి చేతికొచ్చిన ఫోన్‌లో చార్జింగ్ లేదు. నా ఫోన్ తీసుకుని ఆమె తన అక్కకు చేసింది. బిడ్డ లైన్లోకి వచ్చింది. వింటూ వింటూ ఆమె నా వైపు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఫ్యాన్ తెస్తున్నవా అని అడుగుతుంది. నువ్వే చెప్పు కాకా."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల చిన్న ఊపిరి వినిపిస్తోంది.

"ఫ్యాన్ లేదు బిడ్డా" అన్నాను. "ఎన్నడు లేకుండె. మీ అమ్మ వస్తుంది."