వాగుకు అటూ ఇటూ రేకుబిళ్లలు

ఈ వానల్లో ములకలపల్లి అడవి వైపు వెళ్లాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. నేను మాత్రం సరదాకి వెళ్లలేదు. మా చెల్లెలు సుజాత అక్కడ వాగు అవతలి ఊళ్లో టీచరు. శనివారం బడి కాగానే ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చేస్తుంది. పోయిన వారం రాలేదు. ఆదివారం పొద్దున్నే పాలాయన వచ్చి, ఆ వాగులో ఎవరో ఆడమనిషి కొట్టుకుపోయిందట అన్నాడు. పరుగున బస్టాండుకు పోయి దొరికిన బస్సు ఎక్కేశాను.

కొత్తగూడేనికి రెండున్నర గంటలు పట్టింది. గని క్వార్టర్ల మీద ఇప్పుడు ఎటు చూసినా టీవీ యాంటెన్నాలే, పట్టపగలు కూడా వరండా బల్బులు వెలుగుతున్నాయి. బస్టాండు పక్కన ములకలపల్లి జీపు ఉంటుంది, కిరాయి ఐదు రూపాయలు. పాల్వంచ కరెంటు కేంద్రం దాకా బొగ్గు లారీలు తిరిగే తారురోడ్డు చాప పరిచినట్టుంది. ఆ తర్వాత అన్నీ గుంతలే. తలమీద కరెంటు తీగలు మాత్రం మాతోపాటే వచ్చాయి.

"ఈ ఊళ్లలో కరెంటు ఉందా?" అని డ్రైవర్ యాదగిరిని అడిగాను.

"యాడిదమ్మా! గిది పట్నం పోయే కరెంటు. వీళ్లకు కిరసనాయిలే. వాగు మీద బ్రిడ్జి గూడ లేదు. బొగ్గు లారీలు గిటు రావు గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది.

జీపు వాగు ఒడ్డున రాములమ్మ టీ హోటల్ దగ్గర ఆగింది. ఎర్రనీళ్లు ఉరకలేస్తున్నాయి. హోటల్ గోడకి ఒక చెక్క, దానికి మేకులు, వాటికి పేర్లు గీకిన రేకుబిళ్లలు. గనికి కూలికి పోయే అవతలి ఊరాయన ఒకరు తెచ్చిన పద్ధతట. గనిలోకి దిగేవాళ్లు బిళ్ల ఇచ్చి దిగుతారు, పైకొచ్చాక తీసుకుంటారు. ఎవరి బిళ్ల మిగిలితే వాళ్లు ఇంకా లోపలున్నట్టు. ఇక్కడ వాగు దాటేవాళ్లు ఆ ఒడ్డున పాకలో ఉన్న ఇలాంటి చెక్క మీంచే తమ బిళ్ల తీసుకుని, దాటాక ఈ ఒడ్డున తగిలిస్తారు.

"మా చెల్లెలు సుజాత టీచర్ది?"

"ఈడ లేదమ్మా," అంది రాములమ్మ. "ఆడుంటే ఊళ్లనే ఉన్నట్టు."

"అక్కడా లేకపోతే?"

ఆమె వెంటనే ఒడ్డుకు పోయి, "ఓ... టీచరమ్మ బిళ్ల ఉన్నదా?" అని కేకేసింది. అవతల పశువులు కాసుకునే ఒకాయన పాకలోకి వెళ్లాడు. ఎంతసేపటికీ రాడే! చివరికి "ఉన్నదీ!" అన్న కేక వినబడగానే బురదలోనే చతికిలబడి ఏడ్చేశాను. కాసేపటికి సుజాతే గొడుగేసుకుని వచ్చింది. పాలాయన చెప్పిన మాట అరిచి చెప్పాను.

"కొట్టుకపోయింది బర్రె! గింత వానల ఎందుకొచ్చినవక్కా, నీకేమన్న పిచ్చా?" అని ఆ ఒడ్డు నుంచే గొంతు చించుకుని తిట్టింది. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో!

తిరుగు జీపులో ప్రాణం కుదుటపడి కూర్చున్నాను. ఆ నేల కింది బొగ్గు ఎక్కడెక్కడో దీపాలు వెలిగిస్తోంది. గని నుంచి ఆ ఊరికి చేరింది మాత్రం రేకుబిళ్లల పద్ధతి ఒక్కటే. అది కూడా ఒక కూలీ మోసుకొచ్చిందే. ఆ రోజు నాకు ఊపిరి పోసింది అదే.

మీరు వెళితే వాగు తగ్గాకే దాటండి. రాములమ్మ దగ్గర మీ పేరు మీద ఒక బిళ్ల తీసుకుని, అవతలి ఒడ్డున తగిలించండి. తిరిగొచ్చేటప్పుడు దాన్ని తెచ్చి ఆమెకిచ్చేయండి. మరిచిపోయి జేబులో వేసుకుని వెళ్లిపోయారో, మీ బిళ్ల ఏ ఒడ్డునా లేదని, మీరెవరో తెలియకపోయినా, ఆ ఊరి మనుషులు తాళ్లు కట్టుకుని మీ కోసం వాగంతా గాలిస్తారు.