ప్రాక్టీసు అన్న మాట

పోలీసు చర్య జరిగిన కొన్ని నెలలకు, కొత్తగా డాక్టరునైన నేను బెజవాడ నుంచి నల్లగొండకు బస్సులో వెళ్తున్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ దారిపొడుగునా నా సంగతులన్నీ అడిగి తెలుసుకుంది. కేతేపల్లి దగ్గర, కమ్యూనిస్టు దళాల కోసం గాలిస్తున్న మిలటరీ వాళ్లు బస్సు ఆపి మగవాళ్లందరినీ దింపారు.

"నల్లగొండలో ఏం పని?" అని ఒక జవాను హిందీలో అడిగాడు.

"ప్రాక్టీసు" అన్నాను. మా వైపు డాక్టర్లు, వకీళ్లు రోజూ అలవాటుగా వాడే మాటే.

అతని తుపాకి నా ఛాతీ మీదికి లేచింది. "ప్రాక్టీసా? ఎవరు నేర్పుతున్నారు?"

అంతలో ముసలమ్మ నా సంచితో దిగి వచ్చింది. అందులోని స్టెతస్కోపు తీసి అతని ముందు పెట్టి, "డాక్టర్ సాబ్. దవాఖాన పెడ్తడట" అంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తుపాకి దించాడు.

బస్సు కదిలింది. "నేనేం తప్పు మాట్లాడానవ్వా?" అని అడిగాను.

"తప్పేం లేదు కొడుకా. మా దిక్కు ప్రాక్టీసంటే తుపాకి కాల్చుడు నేర్సుకునుడు. నా కొడుకు గూడ ప్రాక్టీసుకు పోతున్ననమ్మా అని చెప్పి పొయ్యిండు. మల్ల రాలె."

నా సంచి నా ఒళ్లో పెడుతూ అంది: "ఎవలన్న అడిగితే వైద్యమని చెప్పు. నువ్వన్నా మీ అమ్మకాడికి పోవాలె."