శుభ్రంగా ఉన్న ప్లేటు

మా లాబులో అందరూ ఆవిణ్ణి రేపక్క అంటారు. రిపోర్టు ఎప్పుడొస్తుందని ఎవరడిగినా "రేపు" అనేది కాబట్టి ఆ పేరు పడింది. ఆవిడ పనే అలాంటిది. మూత్రమో చీమో రక్తమో తెచ్చిస్తే ప్లేటులో వేసి వెచ్చటి పెట్టెలో పెట్టాలి. క్రిములు పెరిగితే, మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు వాటి మీద పేర్చి మళ్ళీ ఒక రోజు ఆగాలి. పనిచేసే మందు చుట్టూ క్రిములు పెరగక ఖాళీ వలయం కనిపిస్తుంది. పనిచేయని మందు బిళ్ళను ఆనుకునే దర్జాగా పెరుగుతాయి.

నేను పక్క గదిలో రిపోర్టులు టైపు చేస్తాను. పనిచేయని మందు పక్కన 'ఆర్' అని కొట్టాలి. పదకొండేళ్ళ క్రితం, నేను చేరిన కొత్తలో, పేజీకి ఒకటో రెండో ఆర్‌లు పడేవి. ఇప్పుడు సగానికి సగం అవే. చూడకుండానే నా వేలు ఆ అక్షరం మీదికి పోతుంది, అది తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

ఖాళీ స్ట్రిప్ పట్టుకెళ్ళి షాపువాడికి చూపించి "ఇవే ఇవ్వు" అనేవాళ్ళంటే రేపక్కకి ఒళ్ళుమంట. సీసా అందుకుంటూనే "ముందే ఏమైనా మింగొచ్చావా?" అని గద్దించేది. మందు మింగి వస్తే, ఒంట్లో క్రిములున్నా ప్లేటులో పెరగవు. ఔనన్నవాణ్ణి అక్కడే నలుగురిలో కడిగిపారేసేది.

"జలుబుకి యాంటీబయాటిక్ ఏంటయ్యా? అది వైరస్సు. నీ బిళ్ళని చూసి దానికి నవ్వొస్తుంది!"

మేమూ పక్క గదిలో పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రాదు.

ఆవిడ తోడికోడలు బట్టలు కుట్టేది. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, సొంత అక్కాచెల్లెళ్ళకన్నా ఎక్కువగా. మిషను దగ్గర కూర్చుంటే ఆ మనిషి లేవదు, నీళ్ళు తాగదు, బాత్రూంకి వెళ్ళదు. అలా ఏడాదిలో రెండుసార్లు యూరిన్ మంట వచ్చింది. రెండుసార్లూ షాపు బిళ్ళలే. మూడోసారి వచ్చినప్పుడు రేపక్క చెవినిల్లు కట్టుకుని పోరి, చేతికి సీసా ఇచ్చి కల్చర్ పరీక్షకి మూత్రం పట్టించింది.

ఆ మూత్రాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే చీముకణాలు కుప్పలు. మర్నాడు ప్లేటు తీస్తే ఏమీ లేదు. కడిగి పెట్టినంత శుభ్రంగా ఉంది.

"హమ్మయ్య, మీ చెల్లికి ఏం లేదు, ట్రీటివ్వాలి మరి" అన్నాను నేను.

రేపక్క నవ్వలేదు. ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "ఇంత చీముంటే క్రిములు ఎక్కడికి పోయాయే?" అంది, నాతో కాదు, ప్లేటుతో. వెంటనే ఫోను చేసింది. "నిజం చెప్పు. సీసా నింపేముందు బిళ్ళ ఏమైనా వేసుకున్నావా? వేసుకున్నావో, నీ సంగతి చెప్తా!"

అవతలి నుంచి "లేదక్కా, ఒట్టు" అని నాక్కూడా వినిపించింది.

ఇంకేం చేస్తుంది? 'క్రిములు పెరగలేదు' అని కొట్టమంది. చీముకణాలు ఎక్కువగా ఉన్నాయి, పది రోజులాగి మళ్ళీ పంపండి అని కింద రాయించింది. అప్పటికే మంట తగ్గింది. మిషను మళ్ళీ తిరిగింది. కింద రాసింది ఎవరూ చదవలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చలిజ్వరం. నడుం పక్కన నొప్పి, వాంతులు. ఆమె భర్త ఆటోలో వేసుకుని మా లాబు పైనున్న ఆసుపత్రికి తెచ్చేసరికి బీపీ పడిపోయింది. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి రక్తంలోకి దిగిందన్నాడు డాక్టరు. రక్తం, మూత్రం మా లాబుకి పంపి, వార్డులో రేపక్క ఎదురుగానే అడిగాడు. "ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా? ఏ మందు మొదలుపెట్టాలో దాన్నిబట్టే ఉంటుందమ్మా. వాడిన మందు మళ్ళీ పనిచేయకపోవచ్చు."

ఆ మనిషి రేపక్క ముఖం చూసింది. "ఏం వాడలేదండి" అంది.

ప్లేటు మాట్లాడటానికి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా డాక్టరుకి చేతిలో ఉన్నది అంచనా ఒక్కటే. మామూలుగా ముందు వేసే ఇంజెక్షనే వేశాడు. మొదటిరోజు జ్వరం దిగలేదు. రెండో రోజు కాళ్ళు చల్లబడ్డాయి. ఆ సాయంత్రం నేను రేపక్కకి తోడుగా పై వార్డుకి వెళ్ళాను. తోడికోడలు నీరసంగా అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, తిట్టకు. ఆరోజు సీసాకి ముందు రెండు వేసుకున్నా. తర్వాత ఇంకో రెండు."

"ఎక్కడివే?"

"బీరువాలో. నీ పంటి నొప్పికి రాసినవి. నాలుగు మిగిల్చావు కదా. మీ లాబులో తెలిస్తే, అందర్నీ తిట్టే నువ్వే మిగిల్చావని నీకు మాటొస్తుందని చెప్పలేదు."

 నోరు తెరిస్తే అరిచే రేపక్క చెయ్యి విడిపించుకుని మెట్ల మీదుగా పరుగెత్తింది. డాక్టరుకి ఆ బిళ్ళ పేరు చెప్పింది. తను వేస్తున్న ఇంజెక్షను కూడా దాని జాతిదేనని ఆయన తల పట్టుకున్నాడు. ఇంకో మందు మొదలుపెట్టించాడు.

తెల్లారి ప్లేటు తీశాం. బిళ్ళలన్నిటినీ ఆనుకుని తెల్లగా దట్టంగా పెరిగి ఉంది. ఒక అంచున ఒకే ఒక్క వలయం. ముందటి సాయంత్రం మార్చిన మందు అదే. నాలుగు బిళ్ళలు మెత్తటి క్రిముల్ని చంపి, మొండివాటికి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చాయి. ఏది వేయాలో ఇప్పుడు మాకు ఖాయంగా తెలుసు. నేను ఆర్‌లు కొడుతుండగా పైనుంచి ఫోను వచ్చింది. తోడికోడలు పోయింది.

"పూర్తిగా కొట్టు," అంది రేపక్క. నేను ఏడుస్తూ కొట్టాను. ఆవిడ ఒక్కో మందు పేరూ చివరిదాకా చదివి చెప్పింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు.

పదిహేను రోజుల తర్వాత ఆవిడ పనిలోకి వచ్చింది. డాక్టరు ఓదార్చబోయాడు. ముందే తెలిసినా బతికేదని చెప్పలేమన్నాడు. రేపక్క ఆ మాట నమ్మినట్టు లేదు. నేనూ నమ్మలేదు.

ఇప్పుడు ఆవిడ ఎవర్నీ గద్దించదు. మొన్న ఒక నడివయసావిడ సీసా పట్టుకుని వచ్చింది.

"ముందు ఏమైనా వేసుకున్నారా అమ్మా?"

"లేదండి," అంటూ ఆవిడ నీళ్ళు నమిలింది.

రేపక్క సీసా అందుకోలేదు. "నేను బిళ్ళలు మిగిల్చాను," అంది మెల్లగా. "నేను తిడతానని, నాకు మాటొస్తుందని భయపడి మా చెల్లి చెప్పలేదు. నెల కాలేదు, పోయి. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను. ఏం వేసుకున్నారు?"

వరసలో ఉన్నవాళ్ళంతా వింటున్నారు. ఆవిడ పర్సు తెరిచి, సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ వెనకాల ఉన్న పెద్దాయన కూడా చొక్కా జేబు తడుముకున్నాడు.