ఎస్తేరు ఫోల్డర్

నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. తెర దానంతటదే ఆరిపోయినా, ఫైళ్లు మాయమైనా, వెతికితే కారణం దొరుకుతుంది. దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనలేను. జరిగింది మాత్రం చెబుతాను.

బస్టాండు దగ్గర ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. యజమాని రాజేశ్వర్ ఒకరోజు నన్ను పిలిచాడు.

"ఈ పాటల ఫోల్డర్ల పేర్లు ఎవడో మారుస్తుండన్నా. నేను శ్రావణి అని పెడుత. పొద్దుగాల వచ్చి సూస్తె మల్ల ఎస్తేరు అని ఉంటది. నాకు తప్ప ఎవ్వలకు మార్చరాకుండ జెయ్యి."

అతని అనుమానం పాటలు రికార్డు చేసే నవీన్ మీద. పేరు మార్చే హక్కు కంప్యూటర్‌లో విడిగా ఉండదు. ఫైలును తీసేసే హక్కు ఉన్నవాళ్లే దాని పేరు మార్చగలరు. స్టూడియోలో పనిచేసే అందరి లాగిన్ల నుంచీ ఆ హక్కు తొలగించి రాజేశ్వర్‌కు ఒక్కడికే ఉంచాను. ఎవరు ఏం మార్చినా నమోదయ్యేలా పెట్టాను. నవీన్ లాగిన్‌తో ప్రయత్నిస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదు.

బయటికి వచ్చాక నవీన్ అసలు సంగతి చెప్పాడు. ఎస్తేరుది బోధన్ పక్కన ఒక పల్లె. చెరుకు నరికేవాళ్ల పాటలు తల్లి దగ్గర నేర్చుకుంది. ఆ పాటలన్నీ ఈ స్టూడియోలో పాడింది. అవి విడుదల కాకముందే జ్వరం వచ్చి చనిపోయింది. ఇప్పుడు రాజేశ్వర్ ఆ గొంతుకు తన మేనకోడలు శ్రావణి పేరు, ఫోటో పెట్టి విడుదల చేయబోతున్నాడు.

మర్నాడు మళ్లీ ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే పేర్లు మారి ఉన్నాయి. మార్చింది రాజేశ్వర్ లాగిన్ అనే నమోదైంది.

"నేనే మార్చుకొని నిన్ను పిలుస్తనా?" అని కోప్పడ్డాడు.

పాస్‌వర్డ్ మార్చాను. నెట్ తీగ పీకేశాను. వైరస్ కోసం వెతికాను, ఏమీ లేదు. రాజేశ్వర్ మళ్లీ శ్రావణి అని పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పట్టపగలు. నేనూ నవీన్ పక్కనే ఉన్నాం.

మా కళ్లముందే పేర్లు ఒక్కొక్కటే ఎస్తేరు అయ్యాయి.

అక్కడితో ఆగలేదు. రాజేశ్వర్ సొంత ఫోల్డర్ తెరుచుకుంది. పెళ్లి ఫోటోలు, ఇంటి కాగితాలు, కూతురి పుట్టినరోజు వీడియోలు, అన్నిటికీ అదే పేరు. ఒకే చోట రెండు ఫైళ్లకు ఒకే పేరు కుదరదు కాబట్టి పక్కన అంకెలు చేరుతూ పోయాయి. అతను మౌస్ అందుకుని పేరు మార్చబోతే, మీకు అనుమతి లేదని వచ్చింది. మరమ్మతు కోసం పెట్టుకున్న, అన్ని హక్కులూ ఉన్న నా లాగిన్‌తో ప్రయత్నించాను. నాకూ అదే జవాబు.

"సార్, ఆమె పేరు ఆమెకే ఇచ్చెయ్యండ్రి," అన్నాడు నవీన్.

పాటలు ఎస్తేరు పేరుతోనే విడుదలయ్యాయి. రాజేశ్వర్ సొంత ఫైళ్ల పేర్లు మాత్రం తిరిగి మామూలు కాలేదు. చివరికి ఎస్తేరు తల్లిని కలుద్దామని నన్ను తోడు తీసుకెళ్లాడు. ఆమె మమ్మల్ని లోపలికి రమ్మనలేదు.

"తప్పయిందవ్వా. ఇగ ఊకొమ్మని నీ బిడ్డకు ఒక్కమాట జెప్పు," అన్నాడు.



"బతికున్నప్పుడు పాడిచ్చుకుంటివి. సచ్చినంక పేరు గూడ గుంజుకుంటివి. ఊకొమ్మని నేనెందుకు జెప్త?"

తలుపు వేసుకుంది.

కొన్నాళ్లకు రాజేశ్వర్ స్టూడియో మూసేశాడు. ఆ తర్వాత ఒకసారి అతని భార్య నాకు ఫోన్ చేసింది.

"అన్నా, ఆ కంప్యూటర్ల ఏమైందో నాకు నిజం జెప్పు. బడిల పేరడిగితే మా పాప ఎస్తేరు అని చెప్తున్నదట. మేం దాని పేరు పెట్టి పిలిస్తే పలుకుతలేదు. ఎస్తేరు అంటెనే తిరిగి సూస్తది. ఆ పేరు మేం ఇంట్ల ఎన్నడూ ఎత్తలే."