ఫ్లోరిన్ ఇరుకు

1963లో పెనుకొండలో సైన్సు చెప్పే శ్రీరాములుది ఒంటి గది ఇల్లు. అందులో భార్య కమలాక్షి, ఏడాది నిండని కవలలు. ధర్మవరంలో చెల్లెలు నరసక్క కన్నుమూస్తూ, "అన్నా, బిడ్డను నీ దగ్గరే పెట్టుకో" అన్నది. ఆమె భర్త అంతకు ముందే పోయాడు. అలా పసిబిడ్డ గౌరి ఆ గదిలోకి వచ్చింది.

నెల తిరక్కుండానే కవలలకు కోరింత దగ్గు పట్టుకుంది. గౌరికి ఇంకా అంటలేదు. ఆ బిడ్డను ఎడంగా ఉంచమన్నాడు డాక్టరు.

"ఎడమంటే యాడ? పొయ్యిలోనా?" అన్నది కమలాక్షి.

సంగతి తెలిసి హిందూపురం నుంచి గౌరి మేనత్త లక్ష్మీనరసమ్మ వచ్చింది. పట్టుగూళ్ళ వ్యాపారి భార్య. పెద్ద ఇల్లు, పిల్లలు లేరు. నరసక్కతో ఆమెకు ఏనాడూ పొసగలేదు.

"ఏమప్పా శ్రీరాములూ, ఇస్తే పూర్తిగా ఇచ్చెయ్యి. దగ్గు తగ్గినాక మళ్ళా తీసకపోతానంటే కుదరదు."

"ఆలోచన చేస్తానక్కా" అని పంపించాడు.

మర్నాడు తరగతిలో హేలోజన్ల పాఠం. బయటినుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు పరమాణువు విడిచే శక్తి అయొడిన్ కంటే బ్రోమిన్‌కు, బ్రోమిన్ కంటే క్లోరిన్‌కు ఎక్కువ. "మరి అన్నిటికంటే ఎక్కువ దేనికి?" అని అడిగాడు.

"ఫ్లోరిన్" అన్నారు అందరూ.

"కాదు, క్లోరినే. ఫ్లోరిన్‌కు లాగే బలం లేక కాదు. పరమాణువు మరీ చిన్నది. లోపలున్న ఎలక్ట్రాన్లు వచ్చినదాన్ని నెడతాయి. క్లోరిన్‌లో కాస్త చోటుంది."

ధర్మవరం నేతగాళ్ళ పిల్లవాడు కుళ్ళాయప్ప లేచాడు. "మా ఇల్లే సార్ ఫ్లోరిన్. మగ్గం పోను మిగిలిన చోట మేముండాము. చుట్టమొస్తే మా అవ్వ అరుగు మీదికి పోవల్ల."

అందరూ నవ్వారు. శ్రీరాములు నవ్వబోయి బోర్డు వైపు తిరిగాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి, "బిడ్డ బట్టలు మూట కట్టు" అన్నాడు. కమలాక్షి మూట కట్టింది. గౌరికి చివరిసారి తానే తల దువ్వింది.

హిందూపురంలో లక్ష్మీనరసమ్మ చేతులు చాచింది. గౌరి ఆమె మెడలో గొలుసు పట్టుకుని ఆడుకోసాగింది. మేనమామ వైపు చూడనైనా లేదు.

"ఏడుస్తాదేమో, కాసేపుంటానక్కా" అన్నాడు శ్రీరాములు.

"ఏడిస్తే నేనుండాను కదప్పా. నీ రైలు పోతాది."

అతను చెప్పులు వేసుకున్నా గుమ్మం దాటలేదు. లోపల బిడ్డ నవ్వుతోంది.