సుగుణక్క సాక్ష్యం

నా నాలుక ఎలాంటిదో ఎరిగి కూడా దాని మీద తన నామాన్ని ఉండనిచ్చిన దేవునికి స్తోత్రం. మేము దాచినవన్నీ చూస్తూ కూడా మా మీద ఉదయాన్ని ఉదయింపజేస్తున్న ప్రభువుకు మహిమ.

నేను పనిచేసే రొయ్యల ప్లాంటు గుమ్మం ముందు క్లోరిన్ నీళ్ళ తొట్టి ఉంటుంది. లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరూ బూట్లతో అందులో దిగి నడవాలి. రోజూ ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు సుగుణక్క చేతులు గుర్తొస్తాయి. ఎంత కడిగినా ఆమె వేళ్ళ దగ్గర ఆ వాసన పోయేది కాదు. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఆమె ఆదివారం మాకు సండే స్కూలు టీచరు; మిగతా ఆరు రోజులూ దగ్గరలోని రొయ్యల ప్లాంటులో ల్యాబు ఇన్‌ఛార్జి.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తమ బతుకులో చేసినదాన్ని ఎవరైనా లేచి చెప్పవచ్చు. పదేళ్ళ వయసులో నేను ఒకసారి లేచి, బడిలో అన్నం తెచ్చుకోని పిల్లకు నా క్యారియర్ ఇచ్చేశానని చెప్పాను. పెద్దలు స్తోత్రం అన్నారు. బయటికి వచ్చాక సుగుణక్క చెప్పుల దగ్గర నన్ను ఆపింది.

“ఏం మే, ఆ క్యారియర్ నువ్వే ఇచ్చినావా?”

“మా అక్క ఇచ్చింది.”

“మరి నువ్వేం చేసినావు?”

“నాది నేను తినేసినాను.”

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వు తగ్గాక మాత్రం, “వచ్చే ఆదివారం లేచి, అది మీ అక్క సాక్ష్యమని చెప్పు. ఒకరు చేసింది మనం చేసినామంటే, వాళ్ళ ఇంట్లోది ఎత్తుకుపోయినట్టే” అంది. చెప్పాను. ఆమె ముందు వరుసలో నుంచి వెనక్కి తిరిగి నా వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపు పట్టుకునే మాట పూర్తి చేశాను.

డిగ్రీ అయ్యాక నన్ను తన ల్యాబులో చేర్పించింది కూడా ఆమే. రొయ్యల శాంపిల్ తీసేటప్పుడు “గుంట నంబరుతో చీటీ ముందు రాయి, సంచి తర్వాత ముడెయ్యి. ముడేసినాక గుర్తుపెట్టుకుని రాసేది తప్పయిపోతుంది” అని రోజూ చెప్పేది. ఒకరోజు ఒక గుంట నుంచి వచ్చిన రొయ్యల్లో వాడకూడని మందు ఆనవాళ్ళు తేలాయి. సరుకు కంటైనరుకు ఎక్కాల్సిన రోజది. మేనేజరు గారే ల్యాబుకు వచ్చారు.

“అమ్మా, ఇంకో గుంట రొయ్యలు తీసి ఇదే నంబరు మీద టెస్టు చేసేయండి. అందరూ చేసేదే.”

“ఆ నంబరు ఈ రొయ్యలది సార్. నేను చెయ్యను.”

“అయితే ఇక్కడ మీకు పని ఉండదు.”

సుగుణక్క తెల్లకోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది. ఆయన నా వైపు తిరిగారు. నేను ఇంకో గుంట రొయ్యల సంచి విప్పాను. పాత నంబరు రిపోర్టు మీదే సంతకం పెట్టాను. ఆమె తలుపు దగ్గర నిలబడి అదంతా చూసి వెళ్ళిపోయింది.

ఆమె లేని ఆ ల్యాబులో ఎక్కువ కాలం ఉండలేకపోయాను. నాయుడుపేట వైపు మరో ప్లాంటులో ఇంటర్వ్యూకు వెళ్ళాను. “తప్పని తెలిసిన పని పైవాళ్ళు చేయమన్నప్పుడు మీరేం చేశారు? జరిగిన సంగతి ఒకటి చెప్పండి” అని అడిగారు. నేను ముందుగా అనుకుని వెళ్ళిన జవాబు కాదది, నోరు తెరిస్తే వచ్చేసింది. “చెయ్యనని చెప్పాను సార్. కోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాను.” మరి ఇంకా అక్కడే ఎలా ఉన్నారని అడిగితే, మర్నాడు మేనేజరు గారే బతిమాలి పిలిచారని కలిపాను. ఉద్యోగం వచ్చింది.

నెల తిరక్కముందే, ఆ ఇంటర్వ్యూ చేసినవారిలో ఒకాయన ల్యాబుకు వచ్చి నవ్వుతూ చెప్పారు. “మీ ఊరామె ఒకామె ఉద్యోగానికి వచ్చిందమ్మా. అచ్చం మీ కథే అప్పజెప్పింది, కోటుతో సహా. ఇది మేము ముందే విన్నామే అంటే, ఎవరు చెప్పినారని అడిగింది. మీ పేరు చెప్పినాం.”

“ఆమె ఏమన్నారు సార్?”

“‘జరిగింది నిజమే సార్, ఆ పిల్లను బాగా చూసుకోండి’ అని లేచిపోయింది. అందరూ బట్టీ కొట్టి వస్తా ఉండారు.”

ఆయనకు నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను చేతి తొడుగులు సరిచేసుకున్నాను.

సుగుణక్కకు ఆ తర్వాత ల్యాబు పని ఎక్కడా దొరకలేదు. షెడ్డులో రొయ్యలు వలిచే పనికి పోయింది. ఐసులో నాని నాని, పాటల పుస్తకం పేజీ తిప్పడానికి కూడా వేళ్ళు వంగేవి కావు. నన్ను ఒక్క మాట అడగలేదు. కానీ ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయం రాగానే ముందు వరుసలో నుంచి ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసేది. కోపంగా కాదు, చిన్నప్పుడు చూసినట్టే. నేను తల దించుకునేదాన్ని. అలా మూడేళ్ళు గడిచాయి. ఈ వేసవిలో జ్వరం వచ్చి, తగ్గక, ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. సమాధి దగ్గర పాస్టరు గారు ఆమె గురించి చెప్పమంటే లేచాను. “మంచి టీచరు” అని మాత్రం అనగలిగాను.

ఇప్పుడు ఆమె సండే స్కూలు తరగతి నేనే చూస్తున్నాను. దేవుడు క్షమిస్తాడని పిల్లలకు చెబుతున్నాను, నమ్ముతున్నాను కూడా. అయితే ఆయన క్షమించినా ఆమె వేళ్ళు తిరిగి వంగవు. సాక్ష్యాల సమయం వస్తే ముందు వరుసలో ఎవరూ వెనక్కి తిరగరు. ఇది చదువుతున్న మీరు ఆమెను ఎరగరు. అయినా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు అడగండి: ప్రభువా, వచ్చే ఆదివారం ఇది రాసిన ఈమెను సంఘంలో లేపి నిలబెట్టు. ఆ కోటు సంగతి సుగుణ సాక్ష్యమని ఈమె నోటితోనే చెప్పించు. ఆమేన్.