తిరుపాలు మైనం పెట్టిన రోజు

తిరుపాలు ముందు ముదురు నీలం రంగు కారు నిలబడి ఉంది. దాని పక్కన పాత పేపరు మీద రెండు సీసాలు, ఒక గుండ్రటి డబ్బా, రెండు స్పాంజి ముక్కలు, నాలుగు మెత్తటి పసుపు గుడ్డలు ఉన్నాయి. వాటిలో దేన్ని ముందు ముట్టుకోవాలో అతనికి తెలియదు. తెలియదని ఒప్పుకునే వీలు కూడా లేదు. నిన్న సాయంత్రం ఆ కారు గల వరూధినమ్మ "కారుకు పాలిష్ చేసేది వస్తాదా అప్పా నీకు?" అని అడిగితే, "ఇరవై ఏండ్లుగా పాలిష్ పనే గదమ్మా నాది" అని ఛాతీ విరుచుకుని చెప్పేశాడు.

అందులో అబద్ధం లేదు, కాకపోతే నిజం సగమే ఉంది. తిరుపాలు ఇరవై ఏళ్లు పాలిష్ చేసింది నేలలకు. కదిరి పక్క పల్లె నుంచి పెళ్లాం పెద్దక్కను వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చినప్పటి నుంచి, ఆవులప్ప మేస్త్రీ కింద బండలు అరగదీసే మిషను పట్టుకున్నాడు. హూడి చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో ఎంతమంది అతను మెరిపించిన నేల మీద నడుస్తున్నారో లెక్కలేదు. పని దగ్గర అందరూ అతన్ని పాలిష్ తిరుపాలు అనే పిలిచేవారు.

రెండు నెలల కిందట మూడో అంతస్తుకు మెట్లెక్కుతూ మధ్యలో కూలబడ్డాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఆ మిషను మళ్లీ పట్టుకుంటే తన దగ్గరికి రావద్దని చెప్పాడు. ఈ మాట పెద్దక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవులప్పకు మోకాలి నొప్పి అని చెప్పాడు. ఊపిరి ఆడని పనివాడంటే ఏ మేస్త్రీ మళ్లీ పిలుస్తాడు?

అప్పటినుంచి కె.ఆర్.పురం స్టేషను వెనక ఉన్న ఈ బిల్డింగులో బకెట్టు, గుడ్డ పట్టుకుని బండ్లు కడుగుతున్నాడు. ఇది కూడా స్థిరమైన పని కాదు. పాత మనిషి ఊరికి పోయాడు, వస్తాడో రాడో తెలియదు. బిల్డింగుకు సెక్రటరీ వరూధినమ్మ, రిటైరైన టీచరు. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు వాళ్లు. "నా బండి బాగా చేస్తివంటే మన బిల్డింగు బండ్లన్నీ నీకే ఇయ్యమని మీటింగులో చెప్తాను" అంది ఆమె. చెయ్యకపోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, తిరుపాలుకు చెప్పనక్కర్లేదు కూడా. మళ్లీ ఆ మిషనే.

పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె దొడ్డబళ్ళాపురం బయలుదేరింది. అక్కడ చెల్లెలి ఇంట్లో పట్టుచీరల మగ్గాలున్నాయి, ఏదో చీర చూడాలట. ఆటో ఎక్కి కూర్చున్నాక పని గుర్తొచ్చి తల బయటపెట్టింది.

"చిన్న సీసాలోది ముందు రుద్దు, తుడిచెయ్యి. తర్వాత పెద్ద సీసా, అదీ అంతే. డబ్బాలో ఉండేది మైనం. పల్చగా పూసి..."

ఆటో గుర్రుమంది. ఆ మోతలో చివరి ముక్క తిరుపాలు చెవికి ఇలా చేరింది: "...ఆరైనాక తుడువప్పా."

"అట్లేనమ్మా" అన్నాడు తిరుపాలు. అతనికి ఆ మాట నాలుక చివరే ఉంటుంది.

ఆటో వెళ్లాక సీసాలు చేతిలోకి తీసుకుంటే మొదటి చిక్కు వచ్చి పడింది. ఒకటి పొట్టిగా, లావుగా ఉంది. ఇంకోటి పొడుగ్గా, సన్నగా ఉంది. వీటిలో చిన్నది ఏది? పొట్టిదాన్ని చిన్నదనాలా, సన్నదాన్ని చిన్నదనాలా? రెండూ రెండు చేతుల్లో పట్టుకుని తూచాడు. బరువు కూడా ఇంచుమించు ఒకటే. మీద రాసిందంతా ఇంగ్లీషు. ఫోను చేసి అడగొచ్చు, కానీ ఇరవై ఏళ్ల పనివాడు ఏ సీసా ముందని అడుగుతాడా?

కాసేపు బుర్ర గోక్కుని, రెండింటిలోంచి తలా ఒక చుక్క వేలి మీద వేసుకుని బొటనవేలితో నలిపి చూశాడు. పొట్టి సీసాలోది ఇసుక పిండిలా గరగరలాడింది. సన్న సీసాలోది వెన్నలా జారింది. నేలకైనా ముందు గరుకు రాయి, తర్వాతే నున్నరాయి. కాబట్టి పొట్టిదే ముందు. ఆ ఒక్క క్షణం తిరుపాలుకు తను మళ్లీ తనలా అనిపించాడు.

ఆ ధీమా ఎంతోసేపు నిలవలేదు. కారు కడిగి, ఆరబెట్టి, స్పాంజితో రుద్దడం మొదలుపెట్టాడు. నేల మీద ఎంత బరువు మోపితే అంత మెరుపు. ఇక్కడ బరువు మోపగానే రేకు కాస్త లోపలికి పోయినట్టయి చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. సరే, మెల్లగా రుద్దుదామంటే, ఏమైనా జరుగుతోందో లేదో తెలియడం లేదు. నేలైతే నీళ్లు పోస్తూ రుద్దాలి, దీనికి పోయాలా వద్దా? పసుపు గుడ్డకు నీలం రంగు అంటింది. మురికి వస్తోందా, రంగే ఊడొస్తోందా? ప్రతి అడుగుకూ ఒక సందేహం, అడిగేందుకు ఒక్కరూ లేరు. ఉన్నా అడిగే మనిషీ కాదు మన తిరుపాలు.

ఎలాగో రెండు సీసాల పనీ ముగించి, పన్నెండు కాకముందే మైనం డబ్బా మూత తీశాడు. లోపల ఉన్నది లేతపసుపు రంగు ముద్ద, కొబ్బరి వాసన. పల్చగా పూశాడు. కారు బానెట్టు, తలుపులు, వెనక, పైకప్పు, ఎక్కడా వదల్లేదు. పూసినచోటల్లా నీలం మీద తెల్లటి పొర కమ్మింది. ఇక సాయంత్రం ఆరు దాకా ఆగాలి.

ఎందుకు ఆరు? మాట విన్నప్పుడే అది వింతగా తోచింది. కానీ ఆలోచిస్తే కారణం దొరికింది. కొత్తగా పాలిష్ పట్టిన నేల మీద ఒక రోజు ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు, రాయి తాగాలి అంటారు. కారు కూడా మైనం తాగాలి కాబోలు. టీచరమ్మ గదా, గడియారం చూసి చెప్పింది. ఇంత చక్కటి కారణం దొరికాక ఇంకా అనుమానం దేనికి? నిశ్చింతగా గోడ నీడన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాడు. కారు మాత్రం ఎండలో ఉంది. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం.

మూడింటికి రెండో అంతస్తు సందీప్ లాప్‌టాప్ బ్యాగుతో దిగొచ్చాడు. కారును చూసి ఆగిపోయాడు.

"ఏం భయ్యా, కారుకి ఫేస్‌ప్యాక్ వేసినావా?"

"అంటే ఏంది సార్?"

"మా సిస్టర్ మొహానికి పెట్టుకుంటాది, ఇట్లే తెల్లగా. హాఫ్ అన్ అవర్‌లో కడిగేస్తాది. లేదంటే టైట్ అయిపోతాది అంట."

సందీప్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. తిరుపాలు మనసులో మాత్రం పురుగు దొలిచింది. అరగంటా? ఇప్పటికే మూడు గంటలయింది. లేచి వెళ్లి తలుపు మీద ఒక మూల గుడ్డ పెట్టాడు. మళ్లీ తీసేశాడు. ఆరు కాకుండా తుడిస్తే పాడైపోతే? టీచరమ్మ మాట వినాలా, ఎవరో చెల్లెలి మొహం సంగతి వినాలా? చివరికి కారు వేరు, మొహం వేరు అని సర్దిచెప్పుకుని వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని నీడ కూడా వేడిగా అనిపించింది.

నాలుగున్నరకు ఆవులప్ప ఫోను చేశాడు.

"మోకాలు ఎట్లుండాదిరా? హూడిలో మూడంతస్తుల పని వచ్చినాది. రేపట్నుంచి మిషను నీకే పెట్టినా. వస్తావా, రావా?"

"సాయంత్రం చెప్తానన్నా."

"ఏడు లోపల చెప్పు. లేకుంటే వేరేవాణ్ణి చూసుకుంటా."

ఫోను పెట్టేశాక తిరుపాలు కారు వైపే చూస్తూ ఉండిపోయాడు. వస్తాననాలా, రాననాలా? దాని జవాబు ఈ తెల్లటి పొర కింద ఎక్కడో ఉంది. ఆరు కావాలి, అప్పుడే తెలుస్తుంది.

సరిగ్గా ఆరుకు ఫోనులో గంట చూసుకుని గుడ్డ తీసుకున్నాడు. తుడిచాడు. పొర కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తుడిచాడు. గుడ్డ జారిపోతోంది గాని తెలుపు తెలుపుగానే ఉంది. నీళ్లు చల్లి చూశాడు, నీళ్లు పూసల్లా ఉరుకులు పెట్టాయి. గోటితో గీకితే గీత పడింది తప్ప ఊడలేదు. చెమట పట్టింది. బలమంతా పెట్టి రుద్దుదామని చెయ్యి ఎత్తాడు, రేకు గుర్తొచ్చి ఆపేశాడు. నోట్లో వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే వరూధినమ్మ ఆటో దిగింది.

"ఇదేందప్పా," అంది చీర సంచీ చంకలో పెట్టుకుని, "బండికి సున్నం కొట్టినావా?"

"మీరు చెప్పినట్టే చేసినానమ్మా. ఆరైనాక తుడవమన్నారు గదా. ఆరైంది. అది రావడంల్యా."

"ఎప్పుడు పూసినావు?"

"పన్నెండుకమ్మా."

ఆమె వేలితో తలుపు మీది పొరను తాకి చూసింది. ఆ తర్వాత ఒక్కో అక్షరం ఒత్తి పలికింది. "నేను ఆరైనాక అనలేదప్పా. ఆరినాక అన్నాను. తడి ఆరినాక. పది నిమిషాలు."

తిరుపాలుకు ఆ రెండు మాటలూ చెవిలో గిర్రున తిరిగాయి. పది నిమిషాల పనిని ఆరు గంటలు ఎండలో కాల్చాడు. తప్పు ఆటోదా, ఆమెదా, తనదా? ఎవరిదైతేనేం, రేపు మిషను పట్టుకునేది మాత్రం తనే. అనుకోకుండా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కోపమో, సిగ్గో అతనికే తెలియలేదు.

"నీకు సందేహం రాలేదా?"

"వచ్చిందమ్మా."

"మరి ఫోను చేసి అడగొచ్చు గదా?"

తిరుపాలు తల వంచుకుంటే కాలి దగ్గర మైనం డబ్బా కనబడింది. దాన్ని చూస్తుంటే నేల పని గుర్తొచ్చింది. బండలు అరగదీసేటప్పుడు వచ్చే తెల్లటి రాతిపాలు మూలల్లో గట్టిపడిపోతే నీళ్లకు రావు. అప్పుడే వచ్చిన తడి రాతిపాలు తెచ్చి దాని మీద పోస్తే, ఎండింది తడికి నాని లేచొస్తుంది. ఇక్కడా అట్లే అవుతుందా? తెలియదు. ఇప్పటికే పాడు చేసింది చాలదా?

ఈసారి మాత్రం అడిగాడు. "అమ్మా, ఒక అరచేతంత చోట మళ్లీ మైనం పూసి, ఎండకముందే తుడిచి చూసేదా? వస్తాదో రాదో నాకు తెలీదు."

"చూడు" అంది ఆమె.

వెనక తలుపు కింద, ఎవరికీ కనబడని చోట, కొంచెం పూసి వెంటనే గుడ్డతో లాగాడు. తెలుపు ముద్ద ముద్దగా గుడ్డకు చుట్టుకుంది. కింద నీలం బయటపడింది, నిగనిగలాడుతూ. ఇద్దరూ వంగి చూశారు. వరూధినమ్మ సంచీ గోడ మీద పెట్టి, కొంగు దోపుకుని, ఇంకో పసుపు గుడ్డ అందుకుంది.

"నువ్వు పూస్తా ఉండు, నేను తుడుస్తాను. సుమ్నే నిలబడొద్దు, బేగ కానియ్యి" అంది. తొందరొస్తే ఆమెకు ఊరికే అనేది సుమ్నే, త్వరగా అనేది బేగ అయిపోయి, తెలుగులోకి కన్నడం దానంతటదే దొర్లుకుంటూ వస్తుంది.

తలుపుల దగ్గర ఎండిన పొర కొన్నిచోట్ల పొడిగా రాలసాగింది. పార్కింగు లైటు వెలుతురులో తెల్లటి పొడి గాలిలో తేలింది. తిరుపాలు తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకున్నాడు. అయినా చాలక ఊపిరి బిగబట్టి పూస్తూ, దూరం జరిగి గాలి పీల్చుకుని, మళ్లీ వచ్చి పూశాడు. రెండు మూడుసార్లు చూసి వరూధినమ్మ చెయ్యి ఆపింది.

"ఎందుకప్పా ఊపిరి పట్టుకుంటా ఉండావు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. కానీ పొద్దున్నుంచీ తెలియనిది తెలిసినట్టు నటించి నటించి అలసిపోయి ఉన్నాడు. డాక్టరు మాట, ఎక్స్‌రే, రాతిపొడి, ఆవులప్ప ఫోను అన్నీ చెప్పేశాడు. "కారు పాలిష్ ఇదే మొదలమ్మా. నేలలే నేను చేసింది. అది చెప్తే ఈ పని ఇయ్యరేమోనని చెప్పలేదు."

వరూధినమ్మ గుడ్డ దులపబోయి ఆగింది. దులపకుండానే మడిచి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి రెండు గుడ్డలు తడిపి, పిండి తెచ్చింది. ఒకటి అతనికిచ్చింది.

"తడిగుడ్డతో పట్టు, పొడి లేయదు" అంది. ఆమె గొంతు మెత్తబడింది. "పైకప్పు రేపు చేస్తాం. ఈ రోజుకు చాలు. రేపు రా."

రేపు రా అంటే ఏమిటి? మిగిలిపోయిన పైకప్పుకా? మీటింగులో చెబుతుందా, చెప్పదా? అట్లేనమ్మా అన్న మాట అలవాటుగా నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"రేపు అంటే రేపు ఒక్కరోజేనామ్మా? రోజూనా?"

ఆమె అతని మొహంలోకి చూసింది.

"రోజూనప్పా. తెలియంది అడుగుతావు గదా, అది చాలు."

ఆరూ యాభైకి తిరుపాలు గేటు దగ్గర నిలబడి ఆవులప్పకు ఫోను చేశాడు. రేపు రానన్నాడు, ఎల్లుండి కూడా రానన్నాడు. మోకాలు ఇంకా తగ్గలేదా అని అటునుంచి ఆవులప్ప కసురుకున్నాడు.

"మోకాలు బాగానే ఉండాదన్నా" అన్నాడు తిరుపాలు. "నాకు ఊపిరి కావాల."